రాజుగారి పది గంటలు

కంసాలి బ్రహ్మలింగాచారి ఆరేళ్లు కష్టపడి, మనిషికన్నా ఎత్తైన టేకు పెట్టెలో, పొడవాటి లోలకంతో ఒక గడియారం చేశాడు. నెల తిరిగినా క్షణం తేడా రాదు. శూరభూపతి మహారాజు ముచ్చటపడి దాన్ని కొలువుకూటంలో పెట్టించారు.

కొలువు పదింటికి. రాజుగారు మాత్రం ఏనాడూ పదకొండులోపు వచ్చింది లేదు. ఇప్పుడు ఆయన సింహాసనం ఎక్కుతుంటే గడియారం అందరి ముందూ ఠంగుమని పదకొండు కొడుతోంది.

"ప్రభువులు వచ్చినప్పుడే పది! నీ గడియారం తప్పు. దిద్దుతావా, పగలగొట్టించమంటావా?" అన్నాడు దివాను, ఆచారిని పిలిపించి. రాజుగారు తలూపారు.

ఆచారి చేతులు కట్టుకుని, "చిత్తం. అయితే కోటంతా దీన్నిబట్టే నడవాలని ఆజ్ఞ ఇప్పించండి" అన్నాడు. రాజుగారు అప్పుడే ఆజ్ఞ ఇచ్చారు.

మర్నాడు రాజుగారు వేటనుంచి మిట్టమధ్యాహ్నం నేరుగా కొలువుకొచ్చారు. ఆచారి ముళ్లు వెనక్కి తిప్పి పదికి పెట్టాడు. కాసేపటికి రాజుగారు ఆకలికి ఆగలేక వంటపెద్దను పిలిపించి, "భోజనమేదిరా?" అని గద్దించారు.

"వడ్డన పన్నెండింటికి కదా ప్రభూ! ఇంకా పదిన్నరే అయింది" అన్నాడు వాడు.

రాజుగారు ఆచారివైపు గుర్రుగా చూశారు.

"గడియారం తమ ఆజ్ఞ పాటించింది ప్రభూ. ఆకలే పాటించలేదు. దాన్ని దిద్దే పనితనం నాకు లేదు" అన్నాడు ఆచారి నిబ్బరంగా.

రాజుగారు ఫక్కున నవ్వి, "మీకుందా దివానుగారూ?" అని అడిగారు. ఆచారి ముళ్లు సరిచేశాడు, వంటపెద్ద విస్తరి వేయడానికి పరుగెత్తాడు.

మర్నాడు పది కొట్టేసరికి రాజుగారు సింహాసనం మీదున్నారు. దివానే ఇంకా రాలేదు.