తెరలో కన్ను

ఒక రాణి ఉండేది. ఆమెకి ఒళ్ళంతా పొలుసులు. ఆమెకో బిరుదు కూడా ఉండేది. అడుగు తీసి అడుగు వేస్తే చాలు, భట్టు ముందు నడుస్తూ "ఎండ కన్నెరుగని మహారాణీ!" అని గొంతు చించుకునేవాడు. కోటలో అందరికీ అదే గొప్ప. ఏం గొప్పో, ఏమో!

నుదుటి నుంచి మడమల దాకా దురద. గోకితే పొట్టు రాలేది, గోకకపోతే ప్రాణం పోయేది. ఏ లేపనం పూసినా తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదటికొచ్చేది. దాంతో రాణి మందపాటి తెర వెనక చేరింది. దురద కన్నా పెద్ద బాధ ఇంకొకటుంది. తన జబ్బు ఎక్కడ అంటుకుంటుందోనని, పొత్తిళ్ళలో ఉండగానే కూతుర్ని దాది చేతుల్లో పెట్టేసింది. ఇప్పుడా పిల్ల ముంగిట్లో గెంతులేస్తోంది. తల్లి మొహం ఎలా ఉంటుందో దానికి తెలీదు.

తెరకి ఎలుక కొరికిన చిల్లు ఒకటి ఉంది. పొద్దున్నే ఆ చిల్లుకి కన్ను ఆనించి కూతురి ఆటలు చూడటం, కళ్ళొత్తుకోవడం, ఇదే రాణి పని.

అలా ఒకరోజు కళ్ళొత్తుకుంటుంటే వేలికి నున్నగా తగిలింది. అద్దం తెప్పించుకుంది. మొహమంతా పొలుసులే, ఆ ఒక్క కంటి చుట్టూ తప్ప! అక్కడ రోజూ ఏం పడుతోందా అని చూస్తే, చిల్లులోంచి వచ్చే లేత ఎండ.

రాణి తెర పక్కకి లాగేసింది. భట్టు గుండెలు బాదుకున్నాడు.

"తమరు బయటికొస్తే మన బిరుదు ఏం కావాలమ్మా?"

"గంగలో కలవనీ," అంది రాణి.

ఆత్రం కదా, మిట్టమధ్యాహ్నం దాకా ఎండలో కూర్చుంది. ఒళ్ళు కందిపోయి బొబ్బలెక్కింది. పాపం, ఏడుపొచ్చింది.

"అంత తొందరేమిటమ్మా?" అన్నాడు సూర్యుడు. "పొద్దున్నే వచ్చి కాసేపు కూర్చుని లోపలికి వెళ్ళు. నేనెక్కడికీ పారిపోను."

"నా జబ్బు నీకు అంటుకోదా?"

"ఆ చిల్లులోంచి ఇన్నాళ్ళూ నిన్ను ముట్టుకుంటూనే ఉన్నానుగా. నాకేమైనా అంటిందా?"

రాణికి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో!

పొలుసులు మెల్లగా రాలాయి. ముసురు పట్టినప్పుడు కొన్ని తిరిగొచ్చేవి, ఎండ రాగానే సర్దుకునేవి. మోచేతి మీది మచ్చ మాత్రం మొండికేసింది. ఉంటే ఉండనీ అనుకుంది రాణి. రాత్రిళ్ళు హాయిగా నిద్రపడుతోంది, ఇంకేం కావాలి!

ఒక పొద్దున కూతురు ఆడుతూ ఆడుతూ వచ్చి ఆమె ముందు ఆగింది. భట్టు అలవాటు కొద్దీ "ఎండ కన్నెరుగని..." అని మొదలుపెట్టి నాలిక కరుచుకున్నాడు. పిల్ల అదేం పట్టించుకోలేదు. దగ్గరికొచ్చి, రెండు చేతులతో రాణి మొహమంతా కప్పేసి, ఒక్క కన్ను మాత్రం వదిలి, పరకాయించి చూసింది.

"రోజూ నన్ను చూసే కన్ను నువ్వేనా!" అంటూ ఒళ్ళోకి ఎక్కేసింది.

రాణి చేతులు ఈసారి వెనక్కి పోలేదు.