పగడాలరేవు పోగొట్టుకున్న పేరు

అనగా అనగా, ఏడు సముద్రాలకు ఇవతలి ఒడ్డున, పగడాలరేవు అని ఒక చిన్న రాజ్యం ఉండేది. దానికి చెన్నభూపాలుడు రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఉగ్రసేనుడు, చేతిలో కత్తి దించేవాడు కాదు. నడిపివాడు మణిసేనుడు, చేతిలో అద్దం దించేవాడు కాదు. చిన్నవాడు బుచ్చిసేనుడు, వంటింట్లో అమ్మ పక్కన చేరి చేతిలో గరిటె దించేవాడు కాదు.

ఆ రేవులో దొరికే చేపల్లో విషపు చేప ఒకటి ఉంది. మంచి చేపకూ దానికీ తేడా కంటికి తెలియదు. అందుకని ఆ దేశంలో ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంటికి చుట్టం వచ్చి విస్తరి ముందు కూర్చోగానే, ఇంటివాళ్ళు ఆ విస్తరిలోంచే మొదటి ముద్ద తీసుకుని తాము తినేవాళ్ళు. తిని, "ఇక తినండి, భయం లేదు" అనేవాళ్ళు. ముందు నా ప్రాణం, తరవాత నీ ప్రాణం అని దాని అర్థం. అంతకు మించిన మర్యాద వాళ్ళకు తెలియదు.

ఒకనాడు చండాక్షుడనే మాంత్రికుడు వచ్చి, "రాజా, నన్ను నీ రాజగురువుగా పెట్టుకో" అన్నాడు.

"మాకో గురువు ఉన్నాడయ్యా. భోంచేసి వెళ్ళు" అన్నాడు రాజు.

మాంత్రికుడికి ఒళ్ళు మండిపోయింది. "నీ మీద కత్తి ఎత్తను. నిప్పు కురిపించను. నీ దేశం పేరెత్తితే జనం చెవులు మూసుకునేలా చేస్తాను, చూడు" అని వెళ్ళిపోయాడు.

తరవాత ఏమైందంటే, ప్రతి దేశంలో ప్రతి రాజు కిటికీ మీద ఒక చిలుక వచ్చి వాలింది. తెల్లవారగానే చిలుక పలికేది. "పగడాలరేవు వాళ్ళు చుట్టాల నోటి దగ్గర ముద్ద లాక్కుంటారు! పగడాలరేవు వాళ్ళు పులుల్ని పచ్చిగా నవులుతారు! పగడాలరేవు వాళ్ళను గడప తొక్కనివ్వకండి!" మొదటి రోజు రాజులు నవ్వారు. మర్నాడు నవ్వలేదు. ఆ పై రోజు నిజమే కాబోలు అనుకున్నారు. ఒక్కొక్కరే రేవులు మూసేశారు.

అంతటితో పోయేదేమో గాని, పగడాలరేవులో వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు పంట ఎండింది, రెండో ఏడూ ఎండింది. ఏడు సముద్రాల అవతల వరికుంట రాజ్యంలో మాత్రం గాదెలు పొంగిపొర్లుతున్నాయి. అక్కడి నుంచి ధాన్యం తెచ్చుకుంటేనే ఇక్కడ పొయ్యి వెలుగుతుంది. పేరు చెడ్డవాడికి ధాన్యం ఎవరిస్తారు?

పెద్దవాడు లేచాడు. "నాన్నగారూ, నేను వెళ్తాను. మనది మంచి దేశమని కత్తి మెడ మీద పెట్టి ఒప్పిస్తాను" అన్నాడు. వెళ్ళాడు. వరికుంట వాళ్ళు ఆ కత్తులు చూసి, "చిలుక చెప్పింది నిజమే!" అని కోట తలుపులు బిగించేశారు. పెద్దవాడు తిరిగొచ్చాడు.

నడిపివాడు లేచాడు. "నేను వెళ్తాను. డప్పులు వాయించి, బంగారు జెండాలు ఎత్తి, మనంత గొప్పవాళ్ళు లేరని చాటిస్తాను" అన్నాడు. వెళ్ళాడు. వరికుంట జనం చుట్టూ చేరి, "ఇంతగా అరిచి చెప్పుకుంటున్నాడంటే లోపల ఏదో ఉందర్రా" అని నవ్వారు. నడిపివాడూ తిరిగొచ్చాడు.

చిన్నవాడు లేచాడు. "నేనూ వెళ్తాను నాన్నగారూ."

"వెళ్ళి ఏం చేస్తావు?"

"వండి పెడతాను."

అన్నలిద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. అమ్మ మాత్రం నవ్వలేదు. ఇంట్లో మిగిలిన రాగిపిండీ, ఎండుచేపలూ, ఇంత చింతపండూ మూటగట్టి ఇచ్చింది.

బుచ్చిసేనుడు ఒడ్డుకు వెళ్ళాడు. అక్కడ ఒక ముసలి తాబేలు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటోంది. "పెద్దరాజు దాటి వెళ్ళాడు, నడిపిరాజు దాటి వెళ్ళాడు. నువ్వూ దాటి వెళ్ళు, నాకు అలవాటైపోయింది" అంది.

బుచ్చిసేనుడు దాన్ని తిరగేసి, దాని కళ్ళలో ఇసక తుడిచాడు. తాబేలు అతణ్ణి తేరిపార చూసి, "ఎక్కు బాబూ. పడవకంటే మెల్లగా పోతాను గాని, దారి మాత్రం తప్పను" అంది.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఏడూ దాటారు. వరికుంట రేవు ఇసకలో బుచ్చిసేనుడు మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేశాడు. సంకటి కెలికాడు. పులుసు కాచాడు. వాసనకు జనం ఒక్కొక్కరే దగ్గరికొచ్చారు. ఒక ముసలమ్మ ధైర్యం చేసి కూర్చుంది. బుచ్చిసేనుడు ఆకు వేసి, వడ్డించి, అలవాటుగా ఆమె ఆకులోంచి మొదటి ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు.

అంతే! "లాక్కున్నాడు! ముద్ద లాక్కున్నాడు! ముసలిదాని అన్నం ఎంగిలి చేశాడు! వీడు పగడాలరేవు వాడే!" అని జనం గోల పెట్టారు. కుండ పగిలింది. ఒక రాయి వచ్చి నుదుటికి తగిలింది.

అప్పుడు ఆ దేశపు రాజు కూతురు కువలయ పల్లకీ దిగి వచ్చింది. "ఆగండర్రా!" అని జనాన్ని వారించి, బుచ్చిసేనుడి వైపు తిరిగింది.

"ఏమయ్యా, ముసలమ్మ అన్నమే దొరికిందా నీకు?"

బుచ్చిసేనుడు రక్తం తుడుచుకుంటూ విషపు చేప సంగతీ, మొదటి ముద్ద సంగతీ చెప్పాడు.

"ఈ మాట తినకముందు చెప్పొచ్చుగా?" అంది కువలయ.

"మీరెవరూ అడగలేదు."

"అడగకపోతే చెప్పరా మీ ఊళ్ళో? మరి మా పద్ధతేమిటో నువ్వు అడిగావా?"

"లేదు" అన్నాడు బుచ్చిసేనుడు, తల దించుకుని. "ఇప్పుడు అడుగుతున్నాను. మీ దగ్గర ఎలా?"

"మా దగ్గర చుట్టం తిని లేచేదాకా ఇంటివాళ్ళు కూర్చోరు."

కువలయ తెప్పించిన కుండలో బుచ్చిసేనుడు మళ్ళీ వండాడు. ఈసారి వడ్డించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముసలమ్మ తిన్నది. పక్కవాళ్ళు తిన్నారు. రేవులో ఉన్నవాళ్ళంతా తిన్నారు. అతను నిలబడే ఉన్నాడు, కాళ్ళు లాగుతున్నా నిలబడే ఉన్నాడు. చివరికి ముసలమ్మే, "ఇక కూర్చో నాయనా, నిన్ను చూస్తే నా కాళ్ళు నొప్పెడుతున్నాయి" అంది. అందరూ నవ్వారు.

కువలయ అతనికి ఆకు వేసి తానే వడ్డించింది. వడ్డించి, అందరూ చూస్తుండగా అతని ఆకులోంచి మొదటి ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. "తిను, భయం లేదు" అంది. ఇంటి నుంచి బయలుదేరాక బుచ్చిసేనుడి కళ్ళలో నీళ్ళు తిరగడం అదే మొదలు. పులుసు కారమని చెప్పి తుడుచుకున్నాడు.

"ధాన్యం ఇవ్వాలనే ఉంది" అంది కువలయ. "మా నాన్నగారు మంచివారే. కానీ ఆయన పొద్దున్నే వినేది చిలుక మాట. రేవులో ఈ కాసినిమంది నమ్మారు. రాజ్యమంతా నమ్మాలంటే చిలుకే మాట మార్చుకోవాలి."

తాబేలు నీళ్ళలోంచి తల ఎత్తింది. "ఆ చిలుకలన్నిటికీ మూలం నల్లదీవిలో ఉంది. అక్కడ బంగారు పంజరంలో ఒక చిలుక. అది ఏది పలికితే లోకంలో వెయ్యి చిలుకలూ అదే పలుకుతాయి. చండాక్షుడి ప్రాణం దాచింది కూడా దాన్లోనే. పద, మెడ విరిచేద్దాం."

తాబేలూ బుచ్చిసేనుడూ నల్లదీవి చేరారు. అక్కడ మూడు వాకిళ్ళు. మొదటి వాకిట్లో పెద్దపులి.

"ఎవడ్రా నువ్వు?" అంది పులి.

"పగడాలరేవు వాణ్ణి."

పులి తోక ముడిచింది. "బాబ్బాబూ, నేను ముసలిదాన్ని, నా మాంసం గట్టిగా ఉంటుంది, పచ్చిగా అసలు నమలలేవు" అంటూ చెట్టు చాటుకు పోయింది. రెండో వాకిట్లో కొండచిలువ ఆ మాట విని పుట్టలో దూరింది. మూడో వాకిట్లో మొసలి ఆ రెండిటినీ చూసి కళ్ళు మూసుకుని చచ్చినట్టు పడుకుంది. మాంత్రికుడు ఊరి మీదికి వదిలిన అబద్ధం వాడి కాపలావాళ్ళకే పట్టుకుంది! తాబేలు పకపకా నవ్వింది. బుచ్చిసేనుడికి నవ్వు రాలేదు. "పులి కూడా మమ్మల్ని చూసి భయపడుతోంది తాతా" అన్నాడు, దిగులుగా.

లోపల పంజరంలో చిలుక ఉంది. అతణ్ణి చూసి రెక్కలు ముడుచుకుని మూలకు ఒదిగింది.

"నన్ను చంపుతావు. పగడాలరేవు వాళ్ళు చంపుతారు."

"ఎవరు చెప్పారు?"

"నేనే రోజూ చెబుతున్నానుగా!"

"నువ్వు చూశావా?"

"పంజరంలోంచి ఏం కనిపిస్తుంది?" అంది చిలుక, చిన్న గొంతుతో.

"విరిచెయ్ బాబూ!" అని తాబేలు తొందరపెట్టింది.

బుచ్చిసేనుడు చెయ్యి చాపాడు. గుప్పెడంత పక్షి. దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. ఒక్క మెలిక పెడితే మాంత్రికుడు పోతాడు. కానీ అది ఆఖరున ఏమని అరుస్తుంది? 'పగడాలరేవు వాడు చంపాడు' అని అరుస్తుంది. లోకంలో వెయ్యి చిలుకలూ అదే అరుస్తాయి. అప్పుడది అబద్ధం కూడా కాదు.

అతను వాకిలి పక్కనున్న చెట్టు నుంచి జామపండు కోసుకొచ్చాడు. పంజరం తలుపు తీశాడు. ముందు తాను ఒక ముక్క కొరికి తిని, తరవాత చిలుక ముందు పెట్టాడు.

చిలుక ఎంతోసేపు చూసింది. "చిలక కొట్టిన పండు మనుషులు తింటారు గాని, మనిషి కొరికింది చిలక తినడం ఎక్కడైనా ఉందా?" అంది. అంటూనే ముక్కుతో పొడిచింది. ఇంకోసారి పొడిచింది. పండంతా అయ్యాక వచ్చి అతని భుజం మీద కూర్చుంది.

"మీ ఊరు చూపిస్తావా?"

అప్పుడే చండాక్షుడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఖాళీ పంజరం చూసి కుప్పకూలాడు. "నా ప్రాణం! నా ప్రాణాన్ని ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను. నీ ప్రాణానికి మా ఊరు చూడాలనుందట. తోడు రావాలంటే నువ్వూ రా" అన్నాడు బుచ్చిసేనుడు.

మరేం చేస్తాడు? వెనకే వచ్చాడు. తన ప్రాణం ఎక్కడుంటే అక్కడ ఉండాలి కదా!

పగడాలరేవులో చిలుక వీధి వీధీ తిరిగింది. ఇళ్ళలో దూరింది. చంటిపిల్లల ఉయ్యాలల మీద వాలింది. కొన్నాళ్ళకు కోట గోడెక్కి, "ఇక చెబుతాను. ఏం చెప్పమంటావు?" అని అడిగింది.

నడిపివాడు ముందుకొచ్చాడు. "మా అంత గొప్పవాళ్ళు లేరని చెప్పు!"

"వద్దన్నయ్యా" అన్నాడు బుచ్చిసేనుడు. "చిలుకా, చూసింది చూసినట్టు చెప్పు."

చిలుక గొంతు సవరించుకుంది. "పగడాలరేవులో బావి నీళ్ళు ఉప్పన. దోమలు మెండు. పెద్దరాకుమారుడికి కోపం ఎక్కువ. రాజుగారు పాడితే కుక్కలు ఊరు వదిలిపోతాయి."

"ఆపించరా దాన్ని!" అని రాజు లేచాడు. "నా పాట సంగతి ఏడు సముద్రాల అవతల ఎందుకు?"

"ఉండనివ్వండి నాన్నగారూ" అన్నాడు బుచ్చిసేనుడు. "మీ పాట గురించి నిజం చెప్పిన నోటిని, తక్కిన వాటి గురించి కూడా నమ్ముతారు."

రాజు చుట్టూ చూశాడు. రాణి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కరువొచ్చాక ఆమె నవ్వడం ఆయన చూడలేదు. "సరే, చెప్పనీ" అని కూర్చున్నాడు.

చిలుక మళ్ళీ అందుకుంది. "ఈ ఊళ్ళో రెండేళ్ళుగా పంట లేదు. ఉన్న గింజలు ముందు పిల్లలకు పెట్టి పెద్దలు నీళ్ళు తాగుతున్నారు. నేను వాలిన ప్రతి ఇంట్లో నాకు గింజ వేశారు. వేసేముందు ఒక గింజ వాళ్ళు నమిలారు. అది లాక్కోవడం కాదు. విషముంటే మాకు ముందు తగలనీ అని. ఇన్నాళ్ళూ నేను చూడకుండా చెప్పాను. ఇది చూసి చెబుతున్నాను."

లోకంలో వెయ్యి కిటికీల మీద వెయ్యి చిలుకలు అదే పలికాయి. వరికుంట రాజు చెన్నభూపాలుడి పాట మాటకు విరగబడి నవ్వాడు. పిల్లలకు పెట్టి నీళ్ళు తాగుతున్నారన్న మాటకు నవ్వు ఆపేశాడు. "అమ్మా కువలయా, గాదెలు తీయించు" అన్నాడు.

మొదటి ఓడలో ధాన్యం బస్తాల మీద కూర్చుని కువలయే వచ్చింది. ఉగ్రసేనుడు కత్తి పక్కన పెట్టి బస్తాలు మోశాడు. మణిసేనుడు అద్దం పక్కన పెట్టి కొలిచి పంచాడు. అదే వారంలో బుచ్చిసేనుడికీ కువలయకూ పెళ్ళయింది. పీటల మీద పెళ్ళికొడుకు గరిటె పట్టుకుని లేవబోతే, పెళ్ళికూతురు చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. చుట్టాలొచ్చారు, తాబేలు వచ్చింది, పులి కూడా దూరం నుంచి తొంగి చూసి వెళ్ళింది.

చండాక్షుడు పెరట్లో జామతోట వేసి, తన చిలుక దగ్గరికి పిల్లులు రాకుండా కర్ర పట్టుకుని తిరిగేవాడు. తిరిగి తిరిగి, పక్కింటి పిల్లలకు పళ్ళు కోసివ్వడం కూడా నేర్చుకున్నాడు.

తండ్రి తరవాత బుచ్చిసేనుడే రాజయ్యాడు. అతనూ కువలయా ముసలివాళ్ళయేదాకా ఏలారు. ఏటా ఒకసారి చిలుక గోడెక్కి ఊరి తప్పులు చెప్పేది. రాజు విని, మళ్ళీ ఏడు వచ్చేలోగా చేతనైనంత దిద్దేవాడు. దిద్దలేనివి కొన్ని మిగిలేవి. అవీ చెప్పేది.

ఓడ వచ్చిన ఆ మొదటి సాయంత్రం మాత్రం ఎవరూ ఏమీ చెప్పుకోలేదు. ఊరంతా పొయ్యిలు వెలిగాయి. ఒక ఇంట్లో ఎసరు మరిగింది, పక్కింట్లో మరిగింది, ఆ పక్కింట్లో మరిగింది. కొత్త బియ్యం ఉడికే వాసన వీధిలోకి వచ్చింది. పుట్టి రెండేళ్ళయినా ఆ వాసన ఎరగని ఒక పాప, "అమ్మా, అదేం పువ్వు?" అని అడిగింది.

ఇక మీరూ లేవండి పిల్లలూ, ఆకులు వేస్తున్నారు.