తీతువు తవ్విన ఎర్రనేల

నేనెప్పుడూ ఏదీ రాయలేదు. అయిదో తరగతితో చదువు మానేశాను. ఇప్పుడు బడిలో వంట చేస్తున్నాను. పిల్లల పుస్తకంలో గ్రహాల బొమ్మలు చూసినప్పటి నుంచి ఈ కథ మనసులో తిరుగుతోంది. తప్పులుంటే ఏమనుకోకండి.

అనగనగా ఒక అడవిలో వాగు ఎండిపోయింది. అక్కడ ఒక లేడికి నాలుగు రోజుల పిల్ల ఉంది. తాగడానికి నీళ్ళు లేక తల్లికి పాలు ఇంకిపోతున్నాయి.

"పైన ఏ గ్రహం మీదైనా నీళ్ళున్నాయేమో చూసిరా," అని జంతువులన్నీ తీతువు పిట్టని పంపాయి.

తీతువు చందమామను దాటింది. అక్కడ గాలే లేదు. ఎప్పుడో పడ్డ గుంటలు చెక్కు చెదరకుండా ఉన్నాయి. ఆ తర్వాత ఎర్రటి అంగారకుడు కనిపించాడు. పైనుంచి చూస్తే వంకరటింకరగా ఏరుల గీతలు. తీతువు సంతోషం పట్టలేక అక్కణ్ణుంచే వెనక్కి తిరిగింది.

"ఏరులున్నాయి," అని చెప్పింది.

అడవంతా ప్రయాణానికి సిద్ధమైంది. గద్దలు అందర్నీ మోసుకెళ్తామన్నాయి.

"మరి నన్నెవరు మోస్తారర్రా?" అంది ఏనుగు.

"నువ్వు తర్వాతి బండికి రా మామా," అంది నక్క.

లేడి తన పిల్లని నాకుతూ, "అక్కా, ఆ నీళ్ళు తియ్యగా ఉన్నాయా?" అని అడిగింది.

తీతువు తాగి చూడలేదు. "ఉండు, ఒకసారి దిగి చూసొస్తా," అని మళ్ళీ ఎగిరింది.

ఈసారి దిగింది. గట్లున్నాయి, మలుపులున్నాయి, నున్నటి గులకరాళ్ళున్నాయి. చుక్క నీరు లేదు. కాళ్ళతో చెలమ తవ్వింది. ఎర్రటి దుమ్మే వచ్చింది. చలికి కాళ్ళు కొంకర్లు పోయాయి. తలెత్తితే ఆకాశంలో రెండు బుల్లి చందమామలు. ఇంత పెద్ద ఏరు, చూసేవాళ్ళెవరూ లేకుండానే పారి ఎండిపోయిందా అనుకుంది తీతువు.

నిజం చెప్తే నక్క నవ్వుతుంది. చెప్పకపోతే లేడిపిల్ల ఇక్కడికొచ్చి దాహంతో చచ్చిపోతుంది.

తీతువు తిరిగొచ్చి, "నేను చెప్పింది తప్పు. అవి ఏరులు పారిన గుర్తులే. తవ్వి చూశాను, నీళ్ళు లేవు," అంది.

"మొన్న ఉన్నాయంది, ఇవాళ లేవంటోంది. రేపు అంగారకుడే లేడంటుంది," అంది నక్క. అందరూ నవ్వారు.

లేడి నవ్వలేదు. "ఎలా తవ్వావక్కా?" అంది.

తీతువు ఎండిన వాగులో దిగి ఇసుక గీకి చూపించింది. అడుగున ఇసుక తడిగా తగిలింది. ఏనుగు వంగి చూసి, "జరుగమ్మా," అని కాలితో లోతుగా తవ్వింది. నీరు ఊరింది. ముందు లేడి తాగింది. సాయంత్రానికి పిల్లకి పాలు అందాయి.

వానలు పడ్డాక తీతువు శని దాకా వెళ్ళొచ్చింది. శని చుట్టూ మంచుముక్కలు వడ్డాణంలా తిరుగుతున్నాయట. అక్కడొక బుల్లి తెల్ల చందమామ ఉందట. దాని పగుళ్ళలోంచి నీళ్ళు ఆకాశంలోకి చిమ్ముతున్నాయట. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు.

"ఆ మంచు లోపల ఏముంది?" అంది లేడిపిల్ల.

"తెలీదమ్మా. లోపలికి దిగి చూడలేదు."

"ఇదంతా నిజమేనంటావా?" అని నక్క లేడి చెవిలో గొణిగింది.

"నిజమే. తప్పైతే అక్కే వచ్చి చెప్తుంది," అంది లేడి.

ఈ కథ రాసిన మర్నాడు పొద్దున్నే, పొయ్యి వెలిగించకముందే పిల్లల దగ్గరికెళ్ళాను. "అంగారకుడు నిప్పులా మండుతుంటాడని మొన్న మీకు చెప్పాను కదా. అది తప్పు. ఆ ఎరుపు తుప్పుది. అక్కడ బాగా చలి," అని చెప్పాను.

నీతి: తాను చెప్పింది తప్పని తెలిశాక ఆ మాట దాచకుండా చెప్పేవాళ్ళనే లోకం నమ్ముతుంది.