వెలితమ్మ పాదాలు

మూసలపాడు గ్రామంలో ఎర్రవాగు గట్టున కొలువైన శ్రీ వెలితమ్మ తల్లి దర్శనానికి వచ్చే భక్తులు మూడు ప్రశ్నలు తప్పకుండా అడుగుతారు. అమ్మవారి పాదాలు ఎందుకు కనిపించవు? ఊరేగింపు ఎందుకు లేదు? అన్ని గుళ్లలోనూ తలపై శఠగోపం పెడతారు కదా, ఇక్కడ ఈ సొట్టలు పడిన కంచు చెంబు ఏమిటి? అర్చకులు ఒక్కొక్కరికీ జవాబు చెబుతూ కూర్చుంటే క్యూ వాగు దాకా పోతుంది. అందుకని ఈ చిన్న పుస్తకం. దయచేసి లైనులో నిలబడినప్పుడే చదువుకోగలరు.

అమ్మవారిది రెండడుగుల కంచు విగ్రహం. ముఖం ప్రసన్నం, జడ ఒత్తు, నడుముకు వడ్డాణం, చేతిలో వరికంకి. విగ్రహం చీలమండల వరకే ఉంటుంది. అక్కడి నుంచి కిందికి మట్టి. ఆ మట్టిని తవ్వి చూడాలని కొందరికి కుతూహలం పుడుతుంది. తవ్వవద్దు. కింద ఏమీ లేదు.

పూర్వం ఇక్కడ అమ్మవారికి మట్టి విగ్రహమే ఉండేది. ఒక ఏడు ఎర్రవాగు పొంగి గుడిలోకి వచ్చింది. నీరు తీసిన తరువాత చూస్తే గోడలు ఉన్నాయి, గంట ఉంది, అమ్మ లేదు. మట్టి నీటిలో కరిగిపోయిందని అందరికీ తెలుసు. అయినా ఎవరూ ఆ మాట అనలేదు. అమ్మ మనల్ని విడిచి పోయిందనే అన్నారు. ఆ ఏడు పశువులకు గాలికుంటు వచ్చినా, పసిపిల్లకు జ్వరం వచ్చినా అదే మాట. సాయంకాలం దీపం పెట్టడానికి గుడికి వెళ్లిన స్త్రీలు ఖాళీ పీట చూడలేక గుమ్మంలోనే దీపం ఉంచి వచ్చేవారు.

అప్పుడు ఊరి పెద్దకాపు బసివిరెడ్డికి కలలో అమ్మ కనిపించి, "నన్ను మళ్లీ మట్టితో చేయవద్దు. మీరు తినే కంచంతో, తాగే చెంబుతో చేయండి" అని ఆనతిచ్చిందట. తెల్లవారి రెడ్డి ఈ సంగతి చెప్పగానే ఇంటికొక కంచుపాత్ర చొప్పున గుడి ముందు చేరాయి. ఊరంతా విస్తళ్లలో తిని, కుండల్లో నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఊరి చివర ఒంటరిగా ఉండే గురవమ్మ అనే వృద్ధురాలు కూడా తనకున్న ఒకే ఒక్క చెంబు తెచ్చి ఇచ్చింది. ఆమెకు చూపు ఆనదు. చెంబును చేత్తో తడుముకుంటూ వచ్చి, కుప్పలో అన్నింటికన్నా పైన పెట్టి వెళ్లింది.

విగ్రహం పోయడానికి సిద్ధోజు అనే కంచు శిల్పిని పిలిపించారు. సిద్ధోజు పని తెలిసినవాడు. ధైర్యం మాత్రం తక్కువ. అందుకు కారణం ఉంది. అంతకు ముందు వేరొక ఊరిలో అతడు పోసిన విగ్రహం ఎదమీద వేలితో తడితే డొల్ల మోగింది. లోపల గాలి చిక్కుకుంది. ఆ మోత ఊరు వినకముందే భార్య మాచమ్మను, పనిముట్లను వెంటబెట్టుకుని చెప్పాపెట్టకుండా వచ్చేశాడు. ఆనాటి నుంచి అతనికి ఎవరు ఏ పాత్ర మీద వేలు తట్టినా గుండె ఝల్లుమనేది. ఈసారి పని చెడితే పోయేది తన పేరు ఒక్కటే కాదు, ఊరందరి పాత్రలు, వారికి రెండోసారి అమ్మ. 

ఈ పని తీరు భక్తులు కొంచెం తెలుసుకోవాలి. ముందు మైనంతో అమ్మను చేస్తారు. దానిమీద వాగు ఒండ్రుమట్టి పొరలు పొరలుగా పట్టించి ఎండబెడతారు. సెగ చూపితే మైనం కరిగి కారిపోతుంది, మట్టి మూసలో అమ్మ ఆకారంలో చోటు మిగులుతుంది. ఆ చోటులో కరిగిన లోహం పోస్తారు. అందుకే మైనాన్ని ముందుగా తూచాలి. మైనం ఒక పాలైతే కంచు ఎనిమిది పాళ్లు పడుతుంది. మూస పగలగొట్టేదాకా లోపల ఏమయిందో పోసినవాడికి కూడా తెలియదు.

సిద్ధోజు మైనపు అమ్మను చేసి, ఊరందరి ఎదుట తూచాడు. ఒకటికి మూడుసార్లు తూచాడు. తరువాత పాత్రలు తూచడం మొదలుపెడితే త్రాసు సరిగ్గా నిలిచేసరికి ఒక్క చెంబు మిగిలింది. అది గురవమ్మది.

"ఇంగొకటే కదా ఓజులూ, అదీ వేసుకో" అన్నాడు బసివిరెడ్డి.

"వొద్దు రెడ్డిగారూ. తూకానికి మించి ఒక్క చెంబు గూడా నా కొలిమిలోకి రాగూడదు" అన్నాడు సిద్ధోజు.

కంసాలి చేతిలో పడిన లోహం తరగకుండా తిరిగిరాదని లోకానికి ఒక వేళాకోళం ఉంది. అనేవారికి అది నవ్వులాట, పడేవారికి జన్మంతా మోత. ఆ మాట తన మీదికి రాకూడదనే సిద్ధోజు ఆ చెంబు తిరిగి ఇచ్చేశాడు. గురవమ్మ దాన్ని అందుకుని, "అమ్మకు నా సెంబు వొద్దంటనా?" అని ఒక్క మాట అడిగింది. 

మైనపు అమ్మను చావడిలో ఉంచారు. రోజూ జనం వచ్చి చూసేవారు. చూసినవారు ఊరుకుంటారా! "జడ సన్నంగా ఉండాది ఓజయ్యా, మా అమ్మది నిండు జడ" అందొక ఇల్లాలు. సిద్ధోజు జడ లావు చేశాడు. చెవులు బోసిగా ఉన్నాయన్నారు. కమ్మలు పెట్టాడు. వడ్డాణం లేకపోతే ఎట్లా అన్నారు. వడ్డాణం చుట్టాడు. ఒక రైతు వచ్చి, చేతిలో కంకి ఉంటే పంట పండుతుందన్నాడు. కంకి కూడా వచ్చింది. కాదని ఒక్కరికీ చెప్పలేకపోయాడు. ఒక్కరు పెదవి విరిచినా అతనికి పాత ఊరి డొల్ల మోత వినిపించేది.

మాచమ్మ చూసి చూసి, "ఇంగ సాలయ్యా. వాళ్ల మాటలన్నీ ఆయమ్మ యాడ మోస్తాది?" అంది. అతడు వినలేదు. రోజుకింత మైనం అంటించిన ఆ చేతులు త్రాసును మళ్లీ ముట్టుకోలేదు. మూడుసార్లు తూచానన్న ధీమా ఒకటి మనసులో ఉండిపోయింది కాబోలు.

పోసే రోజు వచ్చింది. ముఖం నిండుగా రావాలని సిద్ధోజు మూసను తలకిందులుగా, పాదాల వైపు పైకి వచ్చేటట్టు గుంటలో పాతిపెట్టాడు. లోహం పోయడానికి ఒక నోరు, నిండినప్పుడు పైకి పొంగి కనిపించడానికి దాని పక్కన ఒక రంధ్రం. తెలతెలవారుతుండగా ఊరంతా ఊపిరి బిగబట్టి నిలబడింది. కరిగిన కంచు ఎర్రని ధారగా మూసలోకి దిగింది. సిద్ధోజు కళ్లు రంధ్రం మీదే ఉన్నాయి. పాత్రలో లోహం సగమైంది. పావు వంతైంది. రంధ్రంలో వెలుగు కనిపించలేదు. చివరి చుక్క పడింది. అప్పటికీ రంధ్రం చీకటిగానే ఉంది.

ఏం జరిగిందో అతనికి ఆ క్షణంలోనే అర్థమైంది. జడ, కమ్మలు, వడ్డాణం, కంకి అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

పక్కనే కూర్చున్న గురవమ్మకు కళ్లు కనిపించవు గానీ చెవులు చురుకు. ధార ఆగిన తీరు ఆమెకు నచ్చలేదు. "సాల్లేదా నాయనా? ఇదో, ఇది వేస్కో" అని చెంబు చాచింది.

"వొద్దవ్వా! సల్లటి కంచు పడితే అమ్మ పగులుతాది" అని సిద్ధోజు ఆమె చెయ్యి పట్టుకుని గొణిగాడు. చెంబు కరిగించేలోగా లోపలి లోహం గట్టిపడుతుంది. తరువాత పోసింది దానితో కలవదు. ఇక చేయగలిగింది లేదు. అతడు లేచి జనం వైపు తిరిగి, అయిందన్నాడు. ఊరంతా జేజేలు కొట్టింది.

మూస చల్లారడానికి మూడు రోజులు. ఆ మూడు రోజులూ సిద్ధోజుకు నరకమే. వెలితి ఎంతో తెలియదు. వేలెడో, మోకాళ్ల దాకానో. కలిసినవారల్లా అమ్మ ఎప్పుడు వస్తుందని సంబరంగా అడుగుతున్నారు. రెండో రోజు భార్యతో నిజం చెప్పాడు.  "మళ్లా మూట కట్టమంటావా?" అని అడిగింది మాచమ్మ. కట్టమన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఉలి, పట్టకారు తెచ్చుకుందామని గుంట దగ్గరికి వెళితే అక్కడ గురవమ్మ ఎండలో కూర్చుని ఉంది. మూసను కప్పిన మట్టి మీద అరచెయ్యి ఆనించి ఉంది. పసిపిల్లకు ఒళ్లు కాలుతోందేమో చూసే తల్లిలా ఉంది ఆ తీరు.

"సల్లబడినాది నాయనా. ఇంగ లేపుతావా?" అంది.

సిద్ధోజు ఉలి పట్టుకుని ఇంటికి వచ్చాడు. "మూట ఇప్పెయ్యి" అన్నాడు భార్యతో.

ఆ సాయంకాలమే ఊరందరి ఎదుట మూసను పైకి తీసి పగలగొట్టాడు. తలవైపు నుంచి మొదలుపెట్టాడు. మట్టి పెళ్ల ఊడి అమ్మ ముఖం బయటపడగానే జనం చేతులెత్తి మొక్కారు. ఆడవారు ఏడ్చారు. అంత చక్కని ముఖం ఆ చేతుల నుంచి ఎన్నడూ రాలేదు. మెడ వచ్చింది, జడ వచ్చింది, వడ్డాణం వచ్చింది. కిందికి వచ్చేకొద్దీ దెబ్బలు నెమ్మదించాయి.

"ఆగినావేం ఓజులూ?" అన్నాడు బసివిరెడ్డి.

చివరి దెబ్బ పడింది. చీలమండల దగ్గర అమ్మ అయిపోయింది. ఆ తరువాత ఉత్త మట్టి.

ఎవరో కెవ్వుమన్నారు. అంగలోపం ఉన్న విగ్రహం పూజకు పనికిరాదని ఊరికంతటికీ తెలుసు. మా కంచాలు ఏమయ్యాయని ఒకరు అరిచారు. లోహం దాచాడన్న మాట కూడా వచ్చింది. ఏ మాటకు భయపడి చెంబు వెనక్కి ఇచ్చాడో ఆ మాట రానే వచ్చింది.

సిద్ధోజు మోకాళ్ల మీద కూర్చుని, "చారెడు కంచు గూడా దాయలేదు స్వామీ. మీరు చూపిన తప్పులన్నీ దిద్దినాను, నేను చేసిన తప్పొక్కటి చూసుకోలేదు. మైనం పెరిగినాక మళ్లా తూచలేదు. పోసిన నాడే నాకు తెలుసు, చెప్పడానికి భయపడినాను. కరిగించమంటే కరిగిస్తా. ఈసారి మాత్రం పారిపోను" అన్నాడు.

బసివిరెడ్డి ఆలోచించి, మూడు రోజులు అమ్మను నగలు, పూలు లేకుండా అందరికీ చూపమన్నాడు. చూసినవారు తమ మాట చెప్పాలి. ఎక్కువమంది ఏదంటే అది. పాదాలు లేక విగ్రహం నిలబడదు గనుక వాగు గట్టున చిన్న గుంట తవ్వి, చీలమండల దాకా మట్టి పోసి నిలిపారు. మొదటి రెండు రోజులూ వచ్చినవారందరూ తలలు అడ్డంగా ఊపి, కరిగించడమే మేలన్నారు. సిద్ధోజు పక్కనే నిలబడి అన్నీ విన్నాడు.

మూడో రోజు గురవమ్మ వచ్చింది. అమ్మ ముఖం తడిమింది. భుజాలు, చేతిలో కంకి, నడుము తడుముతూ కిందికి వచ్చి మట్టిలో వేళ్లు పెట్టి ఆగింది.

"పాదాలు ల్యావవ్వా" అన్నారెవరో.

"సూస్తినిలే. పోయినసారి అమ్మకు పాదాలుండె. వాగొచ్చె, ఆయమ్మ పాయె" అంది గురవమ్మ. "ఈయమ్మ యాడికి పోతాది నాయనా?"

 ఆ తరువాత కరిగించమని ఎవరూ అనలేదు, ముందు అన్నవారు కూడా తమ మాట వెనక్కి తీసుకున్నారు. బసివిరెడ్డి ఇంటికి పోయి తన గడప ముందరి మట్టి గుప్పెడు తెచ్చి అమ్మ చీలమండల చుట్టూ పోశాడు. సందె వేళకు ఇల్లిల్లూ తెచ్చి పోసింది. నిలిపిన చోటనే గుడి కట్టారు. ఆ తల్లినే వెలితమ్మ అన్నారు.

అమ్మవారికి కళ్లు తెరిపించే ఉలిపని ముగించిన నాడు సిద్ధోజు, మూసలో రాకుండా పోయిన పాదాలు రెండింటినీ మైనంతో చేసి చూసుకున్నాడట. తూచి, ఎనిమిది పాళ్లు లెక్కకట్టి, అంత బరువు రాయి త్రాసులో ఒకవైపు పెట్టి, రెండోవైపు గురవమ్మ చెంబు పెట్టాడు. ముల్లు సరిగ్గా నడుమ నిలిచింది. అతడు ఆ చెంబును బోర్లించి తన తలమీద పెట్టుకుని పసివాడిలా ఏడ్చాడు.

నేటికీ అమ్మవారిని ఆ మట్టిలోంచి కదపరు, అందుకే ఊరేగింపు లేదు; శఠగోపమూ లేదు. భక్తుల తలపై పెట్టేది ఆ చెంబునే. చైత్ర పౌర్ణమికి ముందు మూడు రోజులు అమ్మవారు నగలు, పూలు లేకుండా దర్శనమిస్తారు. మొదటి రోజు సిద్ధోజు వంశీకులు వచ్చి, "మైనం తూకం మరిచాం తల్లీ" అని అందరికీ వినబడేలా చెప్పి చెంబు కింద తల వంచుతారు. ఆ తరువాతే తక్కిన భక్తులకు ప్రవేశం. ఇల్లు కట్టబోయేవారు, పరీక్షకు కూర్చునేవారు, చేతిలో పని చెడుతుందేమోనని నిద్రపట్టని ప్రతివారూ వచ్చి తమ గడప మట్టి గుప్పెడు సమర్పించి, చేసిన తప్పు ఒకటి చెప్పుకుంటే ఆ దిగులు తీరుతుందని నమ్మకం.

తప్పు మనసులో అనుకుంటే చాలదు, పైకి చెప్పాలి. కొందరికి నోరు పెగలడానికి సమయం పడుతుంది. వెనుకవారు తోయవద్దని మనవి. తొందరేమీ లేదు. అమ్మ ఎక్కడికీ పోదు.