చిలుక చేత ఊ కొట్టించిన రాణి

అనగనగా ఒక రాజు. ఆయనకు కేతకీదేవి అని ఒక రాణి, జయకేతుడు, రణకేతుడు అని ఇద్దరు కొడుకులు.

ఏడు సముద్రాల అవతల ధూమ్రాంగుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడి ప్రాణం పంజరంలోని చిలుకలో ఉంది. చిలుక ఒక్క కథ చివరిదాకా వింటే వాడి పని సరి. అందుకని ఊళ్ళలోని కథల పుస్తకాలన్నీ ఎత్తుకుపోయి కోటలో పోగుపెట్టాడు. పైగా ఒక పందెం. ఏదో ఒక పుస్తకం చిలుకకు చదివి వినిపించాలి. ఆఖరి ఆకు దాకా చిలుక ఊ కొడితే పుస్తకాలన్నీ తిరిగిస్తాడు. కొట్టకపోతే చదివినవాడు రాయైపోతాడు. పుట్టాక ఒక్క కథా వినని చిలుక ఊ ఎందుకు కొడుతుందని వాడి ధీమా.

జయకేతుడు వెళ్ళాడు, రాలేదు. రణకేతుడు వెళ్ళాడు, రాలేదు. మూడో కొడుకు ఉంటే వాడూ వెళ్ళేవాడు. లేడు గనక తల్లి బయలుదేరింది. రాజు సైన్యాన్ని వెంట తీసుకెళ్ళమన్నాడు. చిలుక ముందు సైన్యం ఏం చేస్తుందని అడిగింది రాణి.

ఒడ్డున ఒక ముసలి తాబేలు ఆమెను వీపు మీద ఎక్కించుకుంది. రాణులు పూలంత తేలికని విన్నాను, ఎవరో కోతలు కోశారని సణిగింది. ఏడు సముద్రాలు దాటేలోగా తాబేలు ఆమె కొడుకుల సంగతంతా చెప్పింది. పెద్దవాడు అన్నిటికంటే లావు పుస్తకం తీశాడట. మొదటి ఆకు నిండా రాజుల పేర్లే. చిలుక నిద్రపోయింది. చిన్నవాడు తనకు ప్రాణమైన పుస్తకం తీశాడట. మొదటి ఆకులోనే రాక్షసుల తలలు తెగిపడ్డాయి. చిలుక రెక్కల్లో తల దాచుకుంది.

"ఇద్దరూ మంచి పుస్తకాలే తీశారమ్మా, చిలుకనే చూడలేదు" అంది తాబేలు.

కోటలో రెండు రాళ్ళు నిలబడి ఉన్నాయి. రాణి వాటి వంక చూడలేదు. చూస్తే ఇక చదవడం తనవల్ల కాదు. పుస్తకాల జోలికీ పోలేదు. తిన్నగా పంజరం దగ్గర కూర్చుని, రోజూ ఏం తింటావని చిలుకను అడిగింది. జామపండు అంది చిలుక. ఇంకేం చూశావంటే, కిటికీ అంది.

అప్పుడు లేచి పుస్తకాలు వెతికింది. చాలాసేపు వెతికింది. అడుగున ఒక పల్చటి పుస్తకం దొరికింది. అంచులు నలిగి, ఆకుల మీద పసిపిల్లల వేళ్ళ మరకలు ఉన్నాయి. ఎందరో పిల్లలు పట్టి వదలని పుస్తకం. అదే తెచ్చుకుంది. మాంత్రికుడు పకపకా నవ్వాడు.

"ఒక పిల్ల జామచెట్టు కింద నిలబడింది. చెట్టు పలికింది" అని చదివింది రాణి.

"చెట్టు ఎలా పలుకుతుంది?" అంది చిలుక.

"నువ్వెలా పలుకుతున్నావు?"

చిలుక తల పక్కకు వంచింది. "ఊ" అంది.

ఒక్కో ఆకూ తిరిగింది. ఊ, ఊ అంటూనే ఉంది చిలుక. ఆ పిల్ల అడవిలో దారి తప్పిన చోట మాత్రం ఊ ఆగిపోయింది. మాంత్రికుడు మంత్రదండం ఎత్తాడు.  రాణి తొందరపడి చదవలేదు, బతిమాలనూ లేదు. చిలుక ముఖం చూస్తూ ఊరుకుంది.

"పాపం, ఇంటికెలా వెళుతుంది?" అంది చిలుక.

అది ఊ కాదని మాంత్రికుడు గొడవకు దిగాడు.

"విననిది అడుగుతుందా నాయనా?" అంది రాణి.

 మాంత్రికుడు దండం దించాడు.

ఆ పిల్ల ఇల్లు చేరింది. ఆఖరి ఆకు ముగిసింది. ఆఖరి ఊ వినబడగానే మాంత్రికుడు పొగై కిటికీలోంచి పోయాడు. పంజరం పగిలింది. చిలుక నిలబడ్డ చోట ఒక రాచకన్య నిలబడింది. ఉయ్యాలలో ఉండగానే వాడు ఎత్తుకొచ్చి చిలుకను చేసిన పిల్ల.

రాణి అప్పుడు వెనక్కి తిరిగింది. పెద్ద కొడుకు చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది. చిన్నవాడి చెయ్యి పట్టుకుంది. అదీ వెచ్చగానే ఉంది.  ఆ చేతులు చాలాసేపు వదల్లేదు.

పుస్తకాలు ఏ ఊరివి ఆ ఊరు చేరాయి. రాచకన్య రణకేతుణ్ణి వరించింది, కానీ ఇంకొన్ని కథలు విన్నాకే పెళ్ళంది. ఒక ఏడాది కథలతోనే గడిచింది. ఆ తరువాత పెళ్ళి ఘనంగా జరిగింది. అన్నదమ్ములు కలిసి చాలాకాలం రాజ్యం ఏలారు. ఆ రాజ్యంలో ప్రతి ఇంటా రాత్రి దీపం తగ్గించే వేళకు ఎవరో ఒకరు చదివేవారు, ఎవరో ఒకరు ఊ కొట్టేవారు.