పూతరేకుల కొట్టంలో ఉన్ని దుప్పటి

అనగనగా గోదావరి గట్టు కింద ఒక ఊళ్ళో ఒక కుండ బోర్లా పడుకుని ఉండేదిట. అచ్చం నీలాగే! తిన్నగా పడుకో, చెబుతా.

ఆ కుండ కింద కొబ్బరాకుల మంట. పిండినీళ్ళలో గుడ్డ ముంచి, కుండ మీద ఇలా పరిచి అలా లాగితే పూతరేకు. ఆ కొట్టంలో ముగ్గురు పనిచేసేవారు. ముసలి సూరాయమ్మ, పసిబిడ్డ తల్లి ముత్యాలు, పెళ్ళికాని పిల్ల మంగాయి. వాళ్ళ యజమాని గవర్రాజు. మనసు వెన్నే. బుర్రంటావా... నువ్వే చూద్దువుగాని.

ఏటా దసరాకి ముగ్గురికీ ఒకేలాంటి కానుక ఇచ్చేవాడు. మొదటి ఏడు ఒక్కో పెట్టె పూతరేకులు. హవ్వ, వాళ్ళు చేసినవే! ఆ తర్వాత ఏడు వేణ్ణీళ్ళు చల్లారని ఫ్లాస్కు. ఆ తర్వాత ఏడు ఇంత మందాన ఉన్ని దుప్పటి. పొయ్యి దగ్గర చెమటలు కక్కేవాళ్ళకి, దుప్పటి!

మర్నాడు ముత్యాలు పనిలోకి రాలేదు. అమ్మో! ఎల్లుండికి పెళ్ళివారికి వెయ్యి పూతరేకులివ్వాలి. ముత్యాలంత పల్చగా రేకు తీసేవాళ్ళు ఊళ్ళోనే లేరు.

అప్పుడు గవర్రాజు ముత్యాలు ఇంటికి పరుగెత్తాడు. గుమ్మంలోనే నోరు తెరిచేశాడు. గేదె దుప్పటి కప్పుకుని నిలబడి ఉంది!

"నా దుప్పటి!"

"దానికి ఈగల బాధండీ. మీ పేరు చెప్పుకుని సుఖపడతంది," అంది ముత్యాలు.

"నువ్వెందుకు రాలేదు?"

"మధ్యాహ్నం పాలకేడ్చి నా బిడ్డ గొంతు పోతందండీ. ఈ ఏడైనా ఏం కావాలని అడుగుతారనుకున్నా. ఇంక రానండి."

గవర్రాజు తిరిగొచ్చి ముత్యాలు పీట మీద తనే కూర్చున్నాడు. మూడు రేకులు తీశాడు. మూడూ చిరిగాయి. వేళ్ళు కాలాయి.

అప్పుడు ముత్యాలుకి కబురంపి పిలిపించి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ముగ్గుర్నీ అడిగాడు. "మీకేం కావాలర్రా?"

ముత్యాలుకి మధ్యాహ్నం గంటసేపు ఇంటికెళ్ళి బిడ్డకి పాలిచ్చే వీలు. సూరాయమ్మకి, మోకాళ్ళు వంగవుగా, ఎత్తు పీట, ఎత్తు పొయ్యి. మంగాయి తల దించుకుంది.

"నాకు... దుప్పటండీ."

"ఆఁ?!"

"మీరిచ్చింది మా నాన్న కప్పుకున్నాడండీ, చలిజ్వరం. మా నాయనమ్మకి ఇంకోటి కావాలి."

గవర్రాజు కుండ పక్కనే చతికిలబడ్డాడు! అన్నిటికీ సరేనన్నాడు.

"మా గేదె దుప్పటి ఉతికిచ్చేస్తానే," అంది ముత్యాలు మంగాయితో. ఆ తర్వాత ముగ్గురూ కూర్చుని పెళ్ళివారి రేకులన్నీ తీసేశారు. ఒక్కటి చిరగలేదు.

గేదె మాత్రం ఆ రోజు నుంచి గవర్రాజు కనిపిస్తే చాలు, కొమ్ములు విసిరేది. ఎందుకంటావు? దాన్నెవరూ అడగలేదు మరి!

కథేమో నడిచింది కంచికి,
మనమేమో చేరాం ఇంటికి,
నిద్దరమ్మా, రావే మా చంటి కంటికి!

ఏమే, నీకు దుప్పటి కావాలా, విసనకర్ర కావాలా? అడుగుతున్నా సుమా.