కంకణం లేని చేయి

అనగనగా పొగడపురం అనే ఊరికి ఒక రాజు. పేరు ధీరసేనుడు. పేరులోనే ధైర్యం ఉంది కదా, మనిషిలో మళ్లీ ఎందుకని ఆ సరుకు బ్రహ్మదేవుడు వేరే ఎవరికో ఇచ్చేశాడు. బల్లి మీద పడితే నెల రోజులు శాంతులు చేయించేవాడు. అయినా మంచివాడే. పొగడపురంలో అందరూ మంచివాళ్లే, మంత్రిగారి అత్తగారు తప్ప.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయసేనుడు. ముక్కుకు సూటిగా నడుస్తాడు, పక్కకు చూడడు. పెళ్లిచూపులకు వెళ్లి పిల్లను చూడకుండానే తిరిగొచ్చిన ఘనుడు. రెండోవాడు విజయసేనుడు. అన్న ఏం చేస్తే అదే చేస్తాడు. అన్నకు జలుబు చేస్తే ఇతను తుమ్ముతాడు. మూడోవాడు కుసుమసేనుడు. మంచినీళ్లు తెమ్మంటే పొద్దున వెళ్లి, దారిలో ఎవరిదో గోడకు మట్టి మెత్తి, పక్కవీధిలో కొత్త దూడకు పేరు పెట్టి, సాయంత్రానికి వచ్చేవాడు. నీళ్లు మాత్రం మరిచిపోయేవాడు కాదు. అడిగినవాళ్ల దాహం ఈలోపు తీరిపోయేది, అంతే. ఎవరు పిలిచినా "ఇదిగో వస్తున్నా" అంటాడు కాబట్టి ఊరంతా వాణ్ని ఇదిగోవస్తా దొర అనేవారు.

రాజుగారి చెల్లెలి కూతురు హేమలేఖ. తల్లి లేని పిల్ల, మేనమామ ఇంట్లోనే పెరిగింది. నోరు కొంచెం గట్టిది. చిన్నప్పుడు ఆటకు కుసుమసేనుడు ఆలస్యంగా వస్తే తక్కిన పిల్లలు వాణ్ని వదిలేసి ఆడుకునేవారు. హేమలేఖ మాత్రం గవ్వలు ఒళ్లో పోసుకుని కూర్చునేది. వాడు రాగానే చెడామడా తిట్టేది. కానీ వాడు వచ్చేదాకా ఆట మొదలుపెట్టేది కాదు. ఆ సంగతి కుసుమసేనుడు ఎప్పుడూ ఎవరితోనూ అనలేదు. మరిచిపోనూ లేదు.

ఒక చైత్రమాసంలో కరాళకేతుడనే మాంత్రికుడు ఒక చేత్తో చిలక పంజరం పట్టుకుని సుడిగాలిలా వచ్చి, మేడమీద వడియాలు పెడుతున్న హేమలేఖను ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల అతని దీవి. మర్నాడు ఒక కాకి వచ్చి కబురు చెప్పింది. "కార్తీక పున్నమికి పెళ్లి. భోజనాలున్నాయి. సకుటుంబంగా రమ్మన్నాడు."

రాజు మూడుసార్లు మూర్ఛపోయాడు. మూడోసారి లేచాక పెద్ద కొడుకును పిలిచాడు.

పొగడపురంలో ఒక ఆచారం ఉంది. పెద్ద పనికి బయల్దేరేవాళ్లకు పురోహితుడు కుడి మణికట్టుకు పసుపుకొమ్ముతో కంకణం కడతాడు. కట్టి, గొంతు సవరించుకుని అంటాడు. "ఈ పని పూర్తయ్యేదాకా వేరే పనికి చేయి పెట్టకూడదు."

జయసేనుడు కంకణం కట్టుకుని చైత్రంలో వెళ్లాడు. రాలేదు. విజయసేనుడు కంకణం కట్టుకుని జ్యేష్ఠంలో వెళ్లాడు. అన్న రాలేదు కాబట్టి ఇతనూ రాలేదు. ఇక శ్రావణ పున్నమినాడు కుసుమసేనుడు తనంతట తానే వచ్చి చేయి చాపాడు.

"వీణ్ని పంపడం కంటే ఆ పెళ్లి భోజనానికి వెళ్లడమే మేలు మహారాజా," అన్నాడు మంత్రి.

"నువ్వు దారిలో ఎక్కడా ఆగవు కదా నాయనా?" అన్నాడు రాజు కళ్లు తుడుచుకుంటూ.

"నాన్నగారూ, హేమను తీసుకురాకుండా ఇంటికి రాను," అన్నాడు కుసుమసేనుడు. అడిగిన ప్రశ్నకు జవాబు అది కాదని రాజు తప్ప అందరూ గమనించారు.

వాడి గుర్రం పంచకల్యాణి. దానికి మాటలు వచ్చు. లెక్కలు ఇంకా బాగా వచ్చు. "అన్నలిద్దరూ నలభై రోజుల్లో ఆ దీవి చేరారని ఆ కాకే చెప్పింది. మనకు మూడు నెలలుంది. నీ సంగతి నాకు తెలుసు కాబట్టి ఇప్పటినుంచే లెక్కపెడుతున్నాను," అంది.

మూడోరోజున ఒక ఊరి మొదట్లో ముసలి అవ్వ మగ్గం ముందు కూర్చుని ఏడుస్తోంది. పిల్లి నూలంతా చిక్కు చేసి పెట్టింది.

"నాయనా, కాస్త చేయి సాయం పట్టు. ఇంతకుముందు నీలాంటివాడే ఒకడు పోతే అడిగాను. కంకణం కట్టుకున్నాను అవ్వా, తాకకూడదు అన్నాడు. తరవాత ఇంకొకడు వచ్చాడు. వాడూ అచ్చం అదే మాట, అదే గొంతుతో అన్నాడు."

కుసుమసేనుడు తన కుడి చేయి చూసుకున్నాడు. పసుపుకొమ్ము నిగనిగలాడుతోంది. తరవాత ఎడమ చేయి చూసుకున్నాడు. అక్కడ ఏమీ లేదు.

"అవ్వా, కంకణం ఈ చేతికి కదా. ఆ చేతి గురించి పురోహితుడు ఏమీ అనలేదు," అని కుడి చేయి వీపు వెనక్కి పెట్టుకుని, ఎడమ చేత్తో చిక్కు విప్పడానికి కూర్చున్నాడు.

మొదటిరోజు నాలుగు ముడులు విప్పి ఆరు కొత్తవి వేశాడు. "లాగకు నాయనా," అంది అవ్వ. "లాగితే ముడికి కోపమొస్తుంది. వదులు చేయి. దానంతట అదే జారాలి." తొమ్మిదో రోజుకు నూలంతా జుట్టు దువ్వినట్టు అయింది.

"తొమ్మిది రోజులు," అంది గుర్రం. "మనం వెళ్తోంది హేమలేఖమ్మ కోసమా, నేతపని నేర్చుకోడానికా?"

"ఇదిగో వస్తున్నా," అన్నాడు కుసుమసేనుడు.

ఆ తరవాత ఒక జామతోట. తోట యజమాని గవరయ్య చిలకల మీద వడిసెల విసురుతున్నాడు. ఒక్క రాయీ చిలకకు తగలదు. తన కాయలే రాలిపోతున్నాయి. "కాస్త ఈ దిక్కుమాలిన పిట్టల సంగతి చూడు బాబూ," అన్నాడు. కుసుమసేనుడు చెట్టు కింద కూర్చుని ఎడమ అరచేతిలో ఒక పండుమిరపకాయ పెట్టుకుని, కదలకుండా ఉన్నాడు. మూడు రోజులు ఏ చిలకా రాలేదు. నాలుగోరోజు ఒక చిలక వచ్చి వేలిమీద వాలింది.

"పట్టుకోబోతే అరుస్తాం. ఊరికే కూర్చుంటే మాకే తోచక వస్తాం," అంది అది.

పద్దెనిమిది రోజులకు ఒప్పందం కుదిరింది. తూర్పు వరస చెట్లు చిలకలవి, తక్కినవి గవరయ్యవి. వెళ్లేటప్పుడు చిలక అడిగింది. "ఎక్కడికి ప్రయాణం?"

"కరాళకేతుడి దీవికి."

"అయ్యో, మా మేనత్త కొడుకు అక్కడే ఉన్నాడు! ఆ మాంత్రికుడు తన ప్రాణం వాడిలో దాచి పంజరంలో పెట్టాడు. చిలక ఉన్నచోటే తనూ ఉండాలి, కేక వినబడనంత దూరం పోతే ఊపిరాడదు. పాపం, వాడు రెక్కలు విప్పి ఎన్నేళ్లయిందో. కనబడితే మా అందరి క్షేమం చెప్పు."

ఇంకో ఊళ్లో పెళ్లి బంతిలో మొదటి విస్తరి ఎవరికి వేయాలని ఇద్దరు వియ్యంకులు కొట్లాడుకుంటుంటే, పదకొండు రోజులు కూర్చుని రాజీ చేశాడు. ఆ పదకొండు రోజులు దేనికీ పనికిరాలేదు, అబద్ధం చెప్పడమెందుకు. వాడు ఊరు దాటకముందే వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. కుసుమసేనుడికి మాత్రం ఆ ఊరి పులిహోర ఎప్పటికీ గుర్తుండిపోయింది.

చివరికి సముద్రం చేరారు. ఒడ్డున ఇల్లంత తాబేలు మూలుగుతోంది. వీపంతా గవ్వలూ గుల్లలూ పట్టి దురద. గోకే దిక్కు లేదు. కుసుమసేనుడు ఆల్చిప్ప తీసుకుని నాలుగు రోజులు ఎడమ చేత్తో గీకాడు.

"నూట ముప్పై ఏళ్ల దురద తీర్చావు అబ్బాయీ," అంది తాబేలు కళ్లు మూసుకుని. "ఎక్కడికి దింపమంటావు?"

అప్పుడు గుర్రం ముందుకొచ్చింది. ఈసారి దాని గొంతులో ఎగతాళి లేదు. "దొరా, చిన్నాచితకా పనులు నేను లెక్కలోంచి వదిలేశాను కానీ రోజులు వదల్లేదు. ఏడు సముద్రాలు. సముద్రానికి ఒక రోజు. పున్నమికి ఏడే రోజులు. ఇక ఒక్క పూట కూడా లేదు."

కుసుమసేనుడు తాబేలు ఎక్కబోతుండగా ఇసుకలో పరుగెత్తుకుంటూ ఒక పల్లెకారు మనిషి వచ్చింది. పేరు అచ్చియమ్మ.

"బాబూ, బాబూ! నా మేక తప్పిపోయింది. చూలుతో ఉంది. ఆ కొండ వైపు పోయినట్టుంది. కాస్త వెతికి పెట్టవూ?"

కుసుమసేనుడి ఎడమ చేయి తనంతట తానే ముందుకు కదిలింది. వాడు కుడి చేత్తో దాన్ని పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకున్నాడు. పుట్టినప్పటినుంచీ ఎవరికీ లేదనని నోరు, ఆ మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండుసార్లు తెరుచుకుని మూసుకుంది.

"ఇప్పుడు కాదు పిన్నీ," అన్నాడు చివరికి. "నాకోసం ఒకరు గవ్వలు ఒళ్లో పోసుకుని కూర్చున్నారు. తిరిగొచ్చేటప్పుడు వెతుకుతాను."

"అందరూ అదే అంటారు," అంది అచ్చియమ్మ.

"నేను తిరిగొస్తాను," అని తాబేలు ఎక్కాడు. మొదటి సముద్రం దాటేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

పున్నమినాడు పొద్దున్నే తాబేలు దీవి ఒడ్డున దింపింది. మాంత్రికుడు పెళ్లికొడుకు స్నానం చేస్తున్నాడు. ఏడు భూతాలు నలుగు పెడుతుంటే "కొంచెం ఎడమకు, కొంచెం కిందకు" అంటున్న గొంతు పెరట్లోంచి వినిపిస్తోంది. ముంగిట్లో హేమలేఖ రెండు రాతిబొమ్మల మీద చీరలు ఆరేస్తోంది.

"వచ్చావా బావా," అంది తల తిప్పకుండానే. "అన్నలిద్దరూ నలభై రోజుల్లో వచ్చారు. వచ్చి ఇదిగో, ఇలా ఉపయోగపడుతున్నారు. నీ కాళ్లకు ఏమైంది? దారిలో ఎవరి దూడకు పేరు పెట్టావు?"

"ఆలస్యమైంది హేమా."

"నాకు తెలియకపోతే కదా." ఆమె ఆరేస్తున్న చీర వదిలేసి ఇటు తిరిగింది. "నేను ఆట మొదలుపెట్టలేదులే. రా."

లోపల బంగారు పంజరం, అందులో చిలక. పంజరం తలుపుకు ఇరవై ఒక్క పట్టుముడులు.

"పంజరానికి కంకణం ఉన్న చేయి తగిలితే మనిషి రాయి అయిపోతాడు," అంది హేమలేఖ. "చిలకకు మేత పెట్టేది నేనే కదా, అందుకని అందరి చేతులకూ మంత్రం వేయలేదు. చంపడానికి వచ్చేవాళ్లంతా కంకణం కట్టుకునే వస్తారని వాడి తెలివి. పెద్ద బావ తిన్నగా వచ్చి తిన్నగా పట్టుకున్నాడు. రెండో బావ పక్కనే అన్న రాయి కనబడుతున్నా పట్టుకున్నాడు. నేను ఏడు నెలల్లో మూడు ముడులు విప్పితే వాడు చూసి మళ్లీ వేశాడు. పైగా నేను తప్ప ఎవరు ముట్టుకున్నా చిలక అరుస్తుంది, వాడు రెప్పపాటులో వస్తాడు."

కుసుమసేనుడు కుడి చేయి వీపు వెనక్కి పెట్టుకున్నాడు. ఎడమ అరచేతిలో మిరపకాయ పెట్టుకుని పంజరం ముందు ఊరికే కూర్చున్నాడు. చిలక అరవడానికి నోరు తెరిచింది.

"జామతోటలో మీ మేనమామ పిల్లలు క్షేమం చెప్పమన్నారు," అన్నాడు.

చిలక నోరు మూసింది. "ఎవరు? ఆ మెల్లకన్నుదా? దానికి పెళ్లయిందా?"

"అయింది. తూర్పు వరస మూడో చెట్టులో కాపురం."

"అత్తగారితో పడుతోందా?"

పడటం లేదని చెబుతూ వాడు మొదటి ముడి వదులు చేశాడు. లాగలేదు. చిలక అడుగుతున్న కొద్దీ చెప్పాడు, చెబుతున్న కొద్దీ ముడి జారింది. ఏడో ముడికి మెల్లకన్ను దాని సంసారం అయింది. పద్నాలుగో ముడికి పక్క చెట్టు వాళ్ల తగాదా అయింది. ఇరవై ఒకటో ముడికి చుట్టాలందరూ అయిపోయారు, తలుపు తెరుచుకుంది. చిలక వాడి ఎడమ చేతి వేలి మీదికి వచ్చింది.

"మెడ విరువు బావా, వాడు వస్తున్నాడు!" అంది హేమలేఖ.

చిలక కుసుమసేనుడి ముఖంలోకి చూసింది. వాడు కిటికీ దగ్గరికి నడిచి చేయి చాపాడు. "వెళ్లు. మీవాళ్లు ఎదురుచూస్తున్నారు."

ఒంటినిండా సున్నిపిండితో కరాళకేతుడు వచ్చేసరికి చిలక సముద్రం మీద పచ్చటి చుక్క. "అయ్యో, దాన్ని పిలవండి!" అని ఒక్క కేక పెట్టి, నడుముకు తువ్వాలు బిగించుకుని, కెరటాల మీదుగా దాని వెంట పరుగుతీశాడు. ఇప్పటికీ పరుగెడుతూనే ఉన్నాడు. చిలక ఏ తోటకు పోతే ఆ తోటకు. మంత్రం వేయాలంటే ఒకచోట నిలబడాలి. అతనికి తీరిక ఏదీ?

అతను నిలబడక మంత్రాలన్నీ వీగిపోయాయి. రాతిబొమ్మలు రెండూ కదిలాయి. తడి చీరలోంచి తల బయటపెట్టి జయసేనుడు అన్నాడు. "ఎడమ చేత్తో చేశావా? అప్రాచ్యం!"

"అప్రాచ్యం," అన్నాడు విజయసేనుడు.

"కుడి చేతులవాళ్ల మీద ఇన్నాళ్లూ బట్టలు ఆరేశాను బావా. బాగానే ఆరాయి," అంది హేమలేఖ.

ఏడు రోజులకు తాబేలు అందరినీ ఇవతలి ఒడ్డుకు చేర్చింది. అక్కడ పొగడపురం పొగడపురమంతా ఉంది. కుసుమసేనుడి కబురు లేక దసరా వెళ్లగానే బయల్దేరారట. చిలకలు అప్పటికే వార్త మోసేశాయి, మంత్రిగారి అత్తగారి కంటే ముందు. రాజు నీళ్లంటే భయం కాబట్టి ఒడ్డుకు వంద గజాల దూరంలో నిలబడి ఆనందబాష్పాలు రాల్చాడు. పురోహితుడు పంచాంగం తిప్పి, కుసుమసేనుడికీ హేమలేఖకూ ముహూర్తం ఈవేళే ఉంది, తప్పితే ఆరు నెలలకు గాని లేదన్నాడు. ఇసుకలోనే పందిరి వేశారు. పాత కంకణం విప్పి, పెళ్లికొడుకు కుడి చేతికి ఒకటి, పెళ్లికూతురు ఎడమ చేతికి ఒకటి కొత్త కంకణాలు కట్టారు.

పురోహితుడు గొంతు సవరించుకున్నాడు. "పదహారు రోజుల పండగ అయ్యేదాకా వేరే పనికి చేయి పెట్టకూడదు."

తాళి కట్టడం అయింది. తలంబ్రాలు అయ్యాయి. విస్తర్లు వేస్తుండగా పందిరి చివర అచ్చియమ్మ నిలబడి ఉంది. ఊరికే చూస్తోంది.

కుసుమసేనుడు లేచాడు. రాజు "నాయనా!" అన్నాడు. మంత్రి నుదురు కొట్టుకున్నాడు. అందరూ కొత్త పెళ్లికూతురి వైపు చూశారు, ఈమె నోటికి ఇవాళ పని పడిందని.

హేమలేఖ తన చేతులు చూసుకుంది. వాడి చేతులు చూసింది.

"బావా, నీ ఎడమ చేయి ఖాళీ. నా కుడి చేయి ఖాళీ. ఇద్దరికీ కలిపి రెండు చేతులున్నాయి. పద, విస్తరి చల్లారకముందే ఆ మేక సంగతేదో చూద్దాం."

విస్తరి చల్లారకముందు కాలేదు. మూడోరోజుకు అయింది. కొండ అవతల గుహలో మేక దొరికింది, రెండు పిల్లలతో. ఒక పిల్లను వాడు, ఒక పిల్లను ఆమె ఎత్తుకుని వచ్చారు. గుర్రం మూడు రోజులూ లెక్కపెట్టింది కానీ ఏమీ అనలేదు.

ఆ తరవాత కుసుమసేనుడు నలభై ఏళ్లు పొగడపురాన్ని ఏలాడు. సభకు ఏ ఒక్కరోజూ వేళకు రాలేదు. రాని రోజు కూడా లేదు. అన్నలిద్దరూ సుఖంగా ఉన్నారు, సూటిగా ఉన్నారు.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరు పెద్ద పనికి బయల్దేరినా పురోహితుడు కుడి చేతికి కంకణం కట్టి, గొంతు సవరించుకుని, వేరే పనికి చేయి పెట్టకూడదనే అంటాడు. వినేవాళ్లు బుద్ధిగా తల ఊపుతారు. ఎడమ చేయి మాత్రం వీపు వెనక దాచుకుంటారు. కథ దాని దారిన అది వెళ్లిపోయింది, మీ పనులు మీరు చూసుకోండి, మధ్యలో ఎవరైనా పిలిస్తే పలకండి.